చిన్న సంస్థలకు కేంద్ర ధనసహాయము: అమెరికా దేశపు అనుభవము

స్థానిక పరిపాలన యనగానే మనకు పంచాయతీయో, పురపాలక సంఘమో స్ఫురించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇవి గాక, ఏదో యొక పనికై ఏర్పడిన స్థానిక ప్రభుత్వములు కూడ కలవు. ఒకటి త్రాగునీరు సరఫరా చేయును; వేరొకటి అగ్నిప్రమాదముల నెదుర్కొనును; మరియొకటి కాలువలను నిర్వహించును. వీనిని ‘ప్రత్యేక జిల్లాలు’ అందురు. పేరునకు జిల్లాలే గాని, వీనిలో కొన్ని మన గ్రామములకంటె పెద్దవి కావు.

1887లో కాలిఫోర్నియా రాష్ట్రమున చేసిన రైట్ శాసనము ననుసరించి రైతులు నీటిపారుదల జిల్లాల నేర్పరచుకొని, తమ భూములపై తామే పన్ను విధించుకొని కాలువలు త్రవ్వించుకొనిరి. 2022 గణన ప్రకారము ఆ దేశమున గల 90,837 స్థానిక ప్రభుత్వములలో 39,555 ప్రత్యేక జిల్లాలే.

చిక్కు ఎచ్చట?

ఈ జిల్లాలు రాష్ట్ర శాసనముల వలన పుట్టినవి. కేంద్ర శాసనములలో అన్ని శాఖలకు వర్తించు ఒకే నిర్వచనము చాలకాలముగా లేకపోవుటచే, నిధుల పంపకమున ఇవి మరుగున పడుచుండెను. 2020లో కరోనా సహాయ నిధి 15,000 కోట్ల డాలర్లు. స్థానిక ప్రభుత్వములలో 5 లక్షలకు మించిన జనాభా గలవానికి మాత్రమే అది నేరుగా చేరెను. 2021లో 35,000 కోట్ల డాలర్ల నిధి ఏర్పడినను, ప్రత్యేక జిల్లాలకు నేరుగా వాటా లేదు. రాష్ట్రమో, కౌంటీయో తన వాటానుండి ఇచ్చిననే దక్కును. పని చేయువాడొకడు, ధనము చేతబట్టినవాడు వేరొకడు అయ్యెను.

ఈ లోపమును దిద్దుటకై ప్రత్యేక జిల్లాలను నిర్వచించి, అర్హులైన స్థానిక ప్రభుత్వములుగా అన్ని శాఖలు గుర్తింపవలెనను బిల్లును 2024 మే నెలలో ప్రతినిధుల సభ ఆమోదించెను. ఆ కాంగ్రెసు కాలమున అది శాసనము కాలేదు; 2025లో మరల ప్రవేశపెట్టబడెను.

అర్హత యొక్కటియే చాలునా?

చాలదు. దరఖాస్తుకు ఇంజనీరు అంచనా కావలెను. అంచనాకు ముందే ధనము కావలెను. కావుననే 2,500కు మించని జనాభా గల పేద గ్రామీణ ప్రాంతములకు, నీటి పథకముల అంచనాలు, నమూనాలు తయారు చేయించుకొనుటకే వ్యవసాయ శాఖ గ్రాంటు నిచ్చు ఏర్పాటు కలదు. ఊరూర తిరిగి సలహా లొసంగు సాంకేతిక నిపుణులును కలరు. అగ్నిమాపక గ్రాంటులలో 20,000 లోపు జనాభాకు సేవ చేయు సంస్థ, గ్రాంటు మొత్తములో 5 శాతము తన వాటాగా పెట్టుకొనిన చాలును. 10 లక్షలు దాటిన చోట అది 15 శాతము.

గ్రహింపవలసినది

చిన్న సంస్థకు సహాయ మందవలెనన్న మూడు సమకూరవలెను: శాసనమున స్థానము, దరఖాస్తు తయారు చేయుటకు తోడ్పాటు, శక్తికి తగిన వాటా. వీనిలో ఏది లోపించినను, నిధి ప్రకటనయందే నిలిచిపోవును గాని కొళాయి వరకు రాదు. అయితే నిధి ప్రకటింపబడిన పిమ్మట లెక్కలు వెదకు సంస్థకు గడువు మించిపోవును. తన చిట్టా, తనిఖీ నివేదిక, పనుల అంచనా ముందే సిద్ధపరచుకొనిన సంస్థయే, ఎంత చిన్నదైనను, హక్కుతో అడుగగలుగును.