ఛాయాచిత్రమును నిలుపు నీరు

ఓరుగల్లు పరిసరములలో కాకతీయుల శిల్పసంపదకు కొదువ లేదు. రుద్రదేవుడు 1163లో హనుమకొండలో నిర్మింపజేసిన వేయిస్తంభముల గుడియు, కోటలోని కీర్తితోరణములును నేటికిని నిలిచియున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగమున ఈ కట్టడములను గాజుపలకలపై చిత్రించిన వారిలో రాజా దీన్ దయాళు (1844–1905) ప్రసిద్ధుడు. ఆయన ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివులను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించెను. రాయి శతాబ్దములు నిలుచుటలో వింత లేదు. పలుచని జిలాటిను పొరలోని బొమ్మ నూరేండ్లు నిలుచుటయే వింత.

అట్లు నిలుచుటకు భద్రపరచుట ఎంత ముఖ్యమో, అంతకుముందు జరుగు రెండు పనులును అంత ముఖ్యము. ఒకటి బొమ్మను స్థిరపరచుట, రెండవది కడుగుట. నలుపు తెలుపు ఫిల్ముపై మక్కువగలవారు నేటికిని ఈ పనులను ఇంటిలోనే చేసికొనుచున్నారు.

ఫిల్ముపైనున్న జిలాటినులో సిల్వరు బ్రోమైడు వంటి వెండి లవణముల సూక్ష్మకణము లుండును. కెమెరాలో వెలుగు సోకిన కణములను డెవలపరు నల్లని వెండిగా మార్చును. వెలుగు సోకనివి అట్లే మిగిలిపోవును. వాటిని తొలగింపనిచో, ఫిల్మును బయటికి తీసిన పిదప అవియు క్రమముగా నల్లబడి బొమ్మను చెరచును. ఆ లవణములు నీటిలో కరగవు. సోడియం థయోసల్ఫేటు ద్రావణములో కరగును. ఈ గుణమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ 1819లో గుర్తించి, 1839లో ఛాయాచిత్రములను స్థిరపరచుటకు వినియోగించెను. దీనినే వాడుకలో హైపో అందురు.

డెవలపరును పారబోసి, ఫిల్మును ఒకసారి నీటితో తొలిచి, హైపో కలిసిన ఫిక్సరును డబ్బాలో పోయవలెను. డబ్బాను నడుమనడుమ కదపుచుండవలెను. ఎంతసేపు ఉంచవలెనను సందేహమునకు ఫిల్మే సమాధానము చెప్పును. ముందుగా అదే రకపు ఫిల్ముముక్క నొకదానిని ఫిక్సరులో వేసి చూడవలెను. దాని మసక తొలగి తేటపడుటకు 3 నిమిషములు పట్టినచో, అసలు ఫిల్మును అందుకు రెట్టింపు, అనగా 6 నిమిషములు ఉంచవలెను. క్రొత్త ఫిక్సరులో తేటపడిన కాలమునకు రెట్టింపు కాలము పట్టినచో ఆ ద్రావణము సారము కోల్పోయినదని గ్రహించి మార్చవలెను.

ఇంతటితో పని ముగిసినదని తలచుట పొరపాటు. బొమ్మను కాపాడిన హైపోయే ఫిల్ములో మిగిలినచో దానికి శత్రువగును. అది కాలక్రమమున విడిపోయి, నల్లని వెండిని సిల్వరు సల్ఫైడుగా మార్చును. బొమ్మ పసుపువన్నెకు తిరిగి వెలిసిపోవును. ఈ హాని వెంటనే కానరాదు. కొన్ని ఏండ్లకు బయటపడును. అప్పటికి చిత్రములోని మనుషులు లేకపోవచ్చును. దానిని మరల తీయుట అసాధ్యము కావచ్చును.

కడుగుటకు విస్తారమైన నీరు అక్కరలేదు. డబ్బాను వంచిన పిదప లోపల 10 మిల్లీలీటర్ల ఫిక్సరు మిగిలినదనుకొందము. మొత్తము 500 మిల్లీలీటర్లగునట్లు నీరు పోసినచో దాని బలము 50వ వంతగును. నీటిని పారబోసి మరల అట్లే చేసినచో 2,500వ వంతు, మూడవసారి 1,25,000వ వంతు అగును. ఒకేసారి 1,500 మిల్లీలీటర్లు పోసినచో 150వ వంతు మాత్రమే అగును. నీటి పరిమాణముకంటె నీటిని మార్చుటయే ముఖ్యమని ఈ లెక్క తెలుపుచున్నది. అయితే జిలాటినులో ఇంకిన హైపో వెలికి వచ్చుటకు వ్యవధి కావలెను. అందుచే ఒక్కొక్క నీటిలో ఐదేసి నిమిషములు ఉంచుచు, ఆరుసార్లు మార్చుట మేలు.

వేసవిలో ఓరుగల్లున ఎండ 40 డిగ్రీలు దాటుట కలదు. కుళాయినీరు వేడెక్కును. వేడినీటిలో జిలాటిను ఉబ్బి మెత్తబడి గోరు తగిలినను చిరుగును. ఒక ద్రావణము చల్లగను, మరియొకటి వేడిగను ఉన్నచో పొర ముడుతలు పడును. కావున రాత్రియే నీటిని మట్టికుండలో నింపి చల్లార్చుకొనవలెను. ద్రావణములన్నియు ఇంచుమించు ఒకే వేడిమిలో ఉండవలెను. పటిక చేర్చి తయారుచేసిన ఫిక్సరు పొరను గట్టిపరచును. కాని అట్టి ఫిల్మును ఇంకను ఎక్కువసేపు కడుగవలెను.

ఉప్పునీరు ఆరినచోట తెల్లని మరకలు మిగులును. కావున చివరి తొలుపునకు డిస్టిల్డు వాటరు ఉత్తమము. పిదప ఫిల్మును దుమ్ములేని గదిలో వ్రేలాడదీసి, తాకక ఆరనీయవలెను. వాడిన ఫిక్సరులో కరిగిన వెండి యుండును. దానిని బావిలోగాని చెరువులోగాని పోయరాదు. ఈ పనికి వాడిన పాత్రలను వంటకు వినియోగింపరాదు.

బొమ్మను తీయుటకు కనురెప్పపాటు చాలును. దానిని నిలుపుటకు అరగంట ఓర్పు కావలెను. ఆ అరగంటలో జరుగు పనిని ఎవరును చూడరు, మెచ్చుకొనరు; అయినను రాబోవు తరములవారు చూడగల బొమ్మ ఆ ఓర్పుపైననే ఆధారపడి యుండును.