ట్రక్కు వెనుక సీటు: ఇంటి వద్ద మార్చదగినదెంత, మార్చరానిదెంత

రెండు వరుసల సీట్లు గల క్యాబిన్, దాని వెనుక సరుకు తొట్టి ఉన్న చిన్న ట్రక్కు పల్లెటూరి అవసరాలకు చక్కగా అమరిన వాహనం. ముందు డ్రైవరు, వెనుక వరుసలో సరుకు యజమాని, అతని మనుషులు, తొట్టిలో మిరప టిక్కీలో కూరగాయల బుట్టలో ఉంటాయి. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి ఇటువంటి బండిలో ముందుగా శిథిలమయ్యేది వెనుక సీటే. ఇంజనుకు సర్వీసింగ్ జరుగుతుంది, టైర్లు మారుతాయి, ముందు సీటుకు కొత్త కవరు పడుతుంది. వెనుక సీటు మాత్రం చెమటకూ దుమ్ముకూ పురుగుమందుల డబ్బాల మరకలకూ వదిలివేయబడుతుంది.

ఒకనాడు యజమాని దానిని మార్చాలని సంకల్పిస్తాడు. అప్పుడు అతనికి మూడు రకాల ఆలోచనలు వస్తాయి. సీటును బాగుచేయించడం మొదటిది. సీటును ఊడదీసి ఆ చోటును కూడా సరుకుకు వాడుకోవడం రెండవది. ఇక మూడవది, తొట్టిలో మరొక బల్ల బిగించి పదిమందిని ఎక్కించుకోవడం. ఈ మూడు పనులూ ఒకే స్పానరుతో ఇంటి ముంగిట జరిగిపోతాయి. కాని రిజిస్ట్రేషను అధికారికి, బీమా కంపెనీకి, ఋణమిచ్చిన బ్యాంకుకు ఇవి మూడు వేర్వేరు పనులు. మొదటిదానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మిగిలిన రెండింటి వల్ల ఋణం తీరకముందే ఇల్లు గడవని స్థితి రావచ్చు. ఆ తేడాను తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

మెత్త, కవరు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. అయితే అదే సెక్షను "మార్పు" అనే మాటకు అర్థం కూడా చెప్పింది. వాహనపు నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారినప్పుడే అది చట్టం చెప్పే మార్పు అవుతుంది. చిరిగిన రెగ్జిన్ తీసి కొత్తది కుట్టించడం, కుంగిపోయిన ఫోమ్ మార్చడం, వంగిన సీటు తీగను సరిచేయడం ఈ నిర్వచనంలోకి రావు. ఇవి నిస్సంకోచంగా ఇంటి వద్ద చేసుకొనదగిన పనులు.

ఫోమ్ కొనేటప్పుడు చాలామంది మందం చూస్తారు. చూడవలసినది సాంద్రత, అనగా అంగడిలో "డెన్సిటీ" అని వ్యవహరించేది. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ సంఖ్యే దాని డెన్సిటీ. పరుపులలో వాడే తేలిక రకం వాహనపు సీటుకు పనికిరాదు. కొద్ది నెలలలోనే అది అప్పడంలా అణిగి, కూర్చున్నవాని తుంటి ఎముకకు కింది రేకు తగులుతుంది. 40 డెన్సిటీకి తగ్గకుండా తీసుకోవడం మంచిది. దుకాణదారు మాటపైనే ఆధారపడనవసరం లేదు, త్రాసు చాలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 4 అంగుళాల మందం గల 40 డెన్సిటీ ముక్క సుమారు 380 గ్రాములు తూగుతుంది. అదే కొలత ముక్క 240 గ్రాములే తూగితే అది 25 డెన్సిటీ సరుకని గ్రహించాలి. విత్తనాలనూ ఎరువులనూ తూచి కొనే రైతు ఫోమ్‌ను చూపులతో కొనడం ఎందుకో ఈ వ్యాసకర్తకు బోధపడదు.

మరొక జాగ్రత్త. "మెత్తగా ఉండాలి, కాస్త ఎత్తుగా వేయి" అని సీటు కుట్టే మేస్త్రికి చెప్పడం సర్వసాధారణం. ఇది మంచిది కాదు. సీటు, వీపు ఆన్చుకొనే బల్ల, సీటు బెల్టు, పైకప్పు ఒకదానికొకటి లెక్కగా తయారవుతాయి. మెత్త రెండు మూడు అంగుళాలు పెరిగితే తల పైకప్పుకు దగ్గరవుతుంది. వీపు బల్ల మెడకు అందదు. అన్నిటికంటే ముఖ్యంగా, తుంటి ఎముకలపై ఉండవలసిన బెల్టు పొట్ట మీదికి జారుతుంది. ఆకస్మికంగా బండి ఆగినప్పుడు ఎముక భరించవలసిన తాకిడిని అప్పుడు పేగులూ కాలేయమూ భరిస్తాయి. కనుక పాత మెత్త ఊడదీయకముందే, బాగా అణగని అంచు వద్ద దాని ఎత్తును కొలిచి రాసిపెట్టుకొని, అంతే ఎత్తుకు కొత్తది అమర్చుకోవాలి. కవరు కుట్టించేటప్పుడు బెల్టు తాళాలు పైకి వచ్చే సందులు మూసుకుపోకుండా చూడాలి. తాళం సీటు కింద చిక్కుకుపోతే ఆ బెల్టు ఉన్నా లేనట్లే.

ఫోమ్ త్వరగా అంటుకొని విషపు పొగ వదిలే పదార్థం. వాహనం లోపలి వస్తువులు మంటకు ఎంత నెమ్మదిగా కాలాలో నిర్దేశించే భారతీయ ప్రమాణం ఐఎస్ 15061 కలదు. ఆ ప్రమాణం పాటించిన రెగ్జిన్ దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోవాలి.

బోల్టు

సీటు ఊడదీసేవారు మొదట బ్యాటరీ రుణ ధ్రువపు తీగ విప్పాలి. కొన్ని బండ్లలో వెనుక సీటు కిందనే జాకీ, పనిముట్లు ఉంటాయి. వాటిని తీసి, నేల రేకుకు తుప్పు పట్టిందేమో చూడాలి. ఎరువుల బస్తాలు మోసే బండ్లలో ఈ తుప్పు అధికం. బోల్టు బిగించే చోట రేకు పొరలు పొరలుగా రాలుతుంటే ఇంటి పని అక్కడితో ఆపి, కంపెనీ వర్క్‌షాపుకు తీసుకువెళ్లాలి.

బోల్టు మీద ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుతారు. లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. ఆ వేగంతో పోతున్న బండి చెట్టుకో గట్టుకో తగిలి అర మీటరు దూరంలో నిలిచిపోతే, లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 20 రెట్ల బలంతో ముందుకు దూకజూస్తుంది. 20 కిలోల సీటు 400 కిలోల బరువై బోల్టులను లాగుతుంది. ఆ బోల్టులు తెగితే సీటూ దానిపై మనుషులూ డ్రైవరు వీపు మీద పడతారు.

కంపెనీ బోల్టు తలపై సాధారణంగా 8.8 వంటి అంకె ఉంటుంది. అది ఉక్కు బలాన్ని తెలిపే గుర్తు. 8.8 రకపు లాగుడు బలం సాధారణ 4.6 రకానికి రెట్టింపు. హార్డ్‌వేరు దుకాణంలో అదే లావు, అదే పొడవు గల బోల్టు దొరకవచ్చు. తలపై అంకె లేకపోతే దానిని వాడరాదు. పెద్ద వాషరును పోగొట్టుకొని చిన్నది వేయడం కూడా తప్పే, ఎందుకంటే మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం గల రేకును చిన్న వాషరు చీల్చుకొని బయటికి వచ్చేస్తుంది. ఊడదీసిన ప్రతి బోల్టును, వాషరును ఏ రంధ్రానిదో రాసిన కాగితంలో చుట్టి ఉంచుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. సీటు బెల్టు బోల్టుల మర వేరుగా ఉండవచ్చు. వాటిని సీటు బోల్టులతో కలిపితే రంధ్రంలోని మర పాడవుతుంది.

కాళ్లకు చోటు చాలదని సీటును నాలుగు అంగుళాలు వెనుకకు జరిపి కొత్త రంధ్రాలు వేయడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది చేయరాదు. కంపెనీ రంధ్రం కింద బలపరచిన పట్టీ ఉంటుంది. కొత్త రంధ్రం కింద ఉత్త రేకే ఉంటుంది. పైగా ఆ రేకుకు అవతలి వైపు ఇంధన గొట్టమో బ్రేకు గొట్టమో పోతూ ఉండవచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత అమ్మిన బీఎస్-6 బండ్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు అధికం. వాటిపై ఇంటి వద్ద వెల్డింగ్ పెట్టడం వేల రూపాయల నష్టానికి దారి తీస్తుంది.

సీట్ల సంఖ్య మారితే

ఇంతవరకు చెప్పినది సీటు బాగుచేయడం గురించి. సీట్ల సంఖ్య పెరిగినా తగ్గినా విషయం మారిపోతుంది. ఆర్సీ పుస్తకంలో సీట్ల సంఖ్య, బరువు నమోదై ఉంటాయి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టపరచింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించే వీలు ఏర్పడింది.

వెనుక సీటు మడిచే ఏర్పాటు కంపెనీయే చేసి ఉంటే మడుచుకొని సరుకు పెట్టుకోవడంలో దోషం లేదు. శాశ్వతంగా ఊడదీయాలనుకుంటే మాత్రం ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయంలో విచారించి, లిఖితపూర్వక అనుమతి పొందాలి. ఋణంతో కొన్న బండి అయితే బ్యాంకుకు కూడా లేఖ ఇవ్వాలి. ఆర్సీలో బ్యాంకు పేరిట హైపోథికేషన్ నమోదై ఉన్నంతవరకు ఆ బండి ఋణానికి హామీ. దాని రూపం మారితే హామీ విలువ మారుతుంది.

తొట్టిలో బల్ల

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. పత్తి తీతల కాలంలో, మిరప కోతల కాలంలో కూలీలను తీసుకురావడానికి తొట్టిలో ఇరువైపులా బల్లలు బిగిస్తారు. మేడారం జాతరకో పెళ్లికో అదే బండి కదులుతుంది. బిగించినవారికి దుర్బుద్ధి ఏమీ ఉండదు, నిలబడి వచ్చే ఆడకూలీలకు కాస్త కూర్చునే వీలు కలుగుతుందనే ఉద్దేశం. కాని ఆ బల్లకు బెల్టు లేదు, వీపు లేదు, పైకప్పు లేదు. మలుపులో బండి ఒరిగితే మనుషులు గాలిలోకి లేస్తారు.

బీమా సంగతి చూద్దాం. సరుకు వాహనంలో ప్రయాణించే వారిలో సరుకు యజమానికి, అతని అధీకృత ప్రతినిధికి బీమా రక్షణ 1994 సవరణ ద్వారా లభించింది. ఊరికే ఎక్కినవారికి, చార్జీ ఇచ్చి ఎక్కినవారికి ఆ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీళ్లలో 2007లో ఇచ్చిన తీర్పు మరింత ముందుకు వెళ్లి, సరుకు యజమాని సైతం క్యాబిన్‌లో ప్రయాణించాలని, సరుకుపై కూర్చున్నవారికి రక్షణ వర్తించదని పేర్కొన్నది. ఇక యజమాని వద్ద పనిచేసే హమాలీల కోసం పాలసీలో ప్రీమియం చెల్లించారో లేదో పాలసీ కాగితంలోనే చూసుకోవాలి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక రైతు 7 లక్షల ఋణంతో బండి కొన్నాడు. ఇంకా 4 లక్షలు బాకీ ఉంది. తొట్టి బల్లపై వస్తున్న ఇద్దరు కూలీలు ప్రమాదంలో మరణించారు. ట్రిబ్యునల్ ఒక్కొక్క కుటుంబానికి 8 లక్షల పరిహారం నిర్ణయించింది. బీమా కంపెనీకి బాధ్యత లేదని తేలితే ఆ 16 లక్షలూ వడ్డీతో సహా బండి యజమాని చెల్లించాలి. కొన్ని కేసులలో బాధితులకు ముందు కంపెనీ చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు ఆదేశించాయి. యజమానికి ఊరట అందులోనూ లేదు. నుజ్జయిన బండికి నష్టపరిహారం కోరినా, అనుమతి లేని మార్పు చూపి కంపెనీ తిరస్కరించవచ్చు, లేదా కోత విధించవచ్చు. బ్యాంకు బాకీ 4 లక్షలు అలాగే నిలుస్తుంది. రోజుకు నాలుగు వందలో ఐదు వందలో అదనంగా తెచ్చిన ఆ రెండు బల్లలు చివరకు పొలాన్ని అమ్మిస్తాయి. మరణించిన కూలీల కుటుంబాల పరిస్థితి అంతకంటే దయనీయం. యజమాని వద్ద ఆస్తి లేకపోతే వారికి తీర్పు కాగితమే మిగులుతుంది.

కూలీల రవాణా నిత్యావసరమైన రైతులు, మేస్త్రీలు ప్రయాణికుల వాహనంగా రిజిస్టరైన బండిని అద్దెకు తీసుకోవడం గాని, అటువంటి బండికే ఋణం కోరడం గాని మేలు. దరఖాస్తు సమయంలోనే "కూలీలను కూడా తీసుకువెళ్లాలి" అని శాఖ అధికారికి చెప్పండి. అడిగితే ఋణం రాదేమోనని దాచిపెట్టేవారున్నారు. వాహనం ఎంపికనే మార్చే సమాచారం అది, దానిని దాచడం ఎవరికీ క్షేమం కాదు.

డీలరు మిత్రులకు ఒక మనవి. బండి అప్పగించే రోజున "అదనపు ఫిట్టింగు" పేరుతో తొట్టి బల్లలు బిగించి ఇవ్వడం కొనుగోలుదారుకు సంతోషం కలిగించవచ్చు. కాని ఇన్వాయిస్‌లో లేని ఫిట్టింగు ఆర్సీలో ఉండదు, పాలసీలోనూ ఉండదు. ఫోమ్, కవరు, బెల్టు విడిభాగాలు, అంకె ఉన్న బోల్టులు మీ వద్దనే అసలు సరుకు దొరికేలా నిల్వ ఉంచితే గ్రామీణ వినియోగదారు ఆ పనికోసం దూరం పోనక్కరలేదు.

సీటు బాగుచేసుకున్నవారు బోల్టులన్నీ బిగించిన తరువాత ముందొకరు, వెనుక ఒకరు నిలబడి సీటును బలంగా ఊపి చూడాలి. ప్రతి బెల్టునూ పెట్టి, లాగి, విప్పి చూడాలి. వారం రోజులు బండి తిరిగాక అవే బోల్టులను మరొకసారి స్పానరుతో బిగించి చూసుకోవాలి. కొత్త ఫోమ్ బిల్లు, బోల్టుల బిల్లు ఆర్సీ, పాలసీ నకళ్లతో కలిపి ఒకే కవరులో ఉంచితే, వాహన తనిఖీకి వచ్చిన బ్యాంకు అధికారికీ, ప్రమాదమేదైనా జరిగినప్పుడు బీమా సర్వేయరుకూ ఏమి మారిందో, ఏమి మారలేదో వెంటనే చూపవచ్చు.