పాపికొండలు, మారేడుమిల్లి వెళ్తున్నారా?
ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

కార్తీకమాసం దగ్గరపడుతుంటే ఓపీలో ఒక ప్రశ్న ఎక్కువగా వినిపిస్తుంది: ‘పాపికొండలు వెళ్లొచ్చా డాక్టర్‌ గారూ?’ అడిగేది చాలావరకు షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లే. అడిగి వెళ్తారు కాబట్టి సాధారణంగా వాళ్లు క్షేమంగానే తిరిగొస్తారు. అసలు జాగ్రత్తలు చెప్పాల్సింది నాకేమవుతుందిలే అని ఏమీ అడగకుండా బయల్దేరే ఆరోగ్యవంతులకు. ఈ వారం ఈ రెండు రకాలవాళ్ల సందేహాలకూ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. ఆరు నెలల క్రితం స్టెంట్‌ వేశారు. లాంచీలో పాపికొండలు చూడాలని ఆయన కోరిక. తీసుకెళ్లవచ్చా? (ఓ పాఠకుడు, తణుకు)

జవాబు: వయసును బట్టి, స్టెంటును బట్టి కాదు, ఇప్పుడు ఆయన గుండె ఎంత శ్రమకు తట్టుకుంటుందన్న దాన్ని బట్టి నిర్ణయించాలి. ఆయాసం, ఛాతీలో బరువు లేకుండా రెండు అంతస్తుల మెట్లు ఎక్కగలుగుతుంటే లాంచీ ప్రయాణం, పేరంటాలపల్లి శివాలయం దాకా నడక సాధారణంగా ఇబ్బంది పెట్టవు. అయినా గుండె డాక్టరుకు ఒకసారి చూపించి బయల్దేరండి. కొండల మధ్య చాలాచోట్ల ఫోను సిగ్నల్‌ ఉండదు, లాంచీ దగ్గరికి 108 అంబులెన్సు రాలేదు. కాబట్టి ఈమధ్య ఛాతీ నొప్పి వచ్చినా, రాత్రి పడుకుంటే ఆయాసం వస్తున్నా ఈ ఏడాదికి ప్రయాణం మానుకోవడమే మంచిది. రక్తాన్ని పలచబరిచే మాత్రలు ఒక్కపూట కూడా ఆపకూడదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు రాసి ఉంటే అది సూట్‌కేసులో కాదు, చొక్కా జేబులో ఉండాలి. కూర్చున్నాకే వేసుకోవాలి, నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి తూలిపోతారు. లైఫ్‌ జాకెట్‌ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా తీయనివ్వకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల బోటు మునిగినప్పుడు గోదావరి వరద మీద ఉంది. నది ఉద్ధృతంగా ఉందని తెలిస్తే టికెట్టు డబ్బులు పోయినా సరే, ఆగిపోండి.

ప్రశ్న: నేను ఇన్సులిన్‌ మీద ఉన్నాను. రెండు రోజులు మారేడుమిల్లిలో ఉండి జలపాతాలు చూస్తాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (ఓ పాఠకురాలు, భీమవరం)

జవాబు: ఇంట్లో షుగరు పెరుగుతుందని భయపడతారు. కొండల్లో పడిపోతుందని భయపడాలి. రోజూ నడవని మనిషి ఒక్కసారిగా రెండు మూడు గంటలు ఎక్కి దిగితే షుగరు తగ్గుతుంది, ఆ ప్రభావం రాత్రి దాకా ఉండవచ్చు. గ్లిమిపిరైడ్‌ వంటి మాత్రలు వాడేవారికీ ఇది వర్తిస్తుంది. ఆ రోజుల్లో డోసు కొంచెం తగ్గించాలా అన్నది ముందే మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. అక్కడ భోజనం వేళ మన చేతిలో ఉండదు. బొంగులో చికెన్‌ ఇంకా కాలుతూనే ఉంటుంది, మీరు ఇంజెక్షన్‌ చేసుకుని కూర్చుంటారు. విస్తరి ముందుకు వచ్చాకే సూది తీయండి. చెమట, వణుకు, కళ్లు బైర్లు కమ్మడం మొదలైతే మూడు చెంచాల గ్లూకోజు లేదా చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ పరీక్షించుకోండి. చాక్లెట్‌ అంత త్వరగా పనిచేయదు. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, ఐసుకు ఆనించి పెట్టకూడదు. ఇక పాదాలు: వాగులో కూడా చెప్పులు విప్పొద్దు. స్పర్శ తగ్గిన కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రాత్రి బసకు రాగానే అరికాళ్లు చూసుకోండి.

ప్రశ్న: మోకాళ్లు అరిగాయన్నారు. జలపాతాల దగ్గరికి దిగి, మళ్లీ ఎక్కాలట. నొప్పి మాత్ర వేసుకుని వెళ్లొచ్చా? (ఓ పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ముందుగా మాత్ర వేసుకోవద్దు. మోకాలు ‘ఇక చాలు’ అని చెప్పేది నొప్పితోనే. పైగా ఒంట్లో నీరు తగ్గినప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కానీ మోకాలికి ఎక్కువ కష్టం దిగేటప్పుడే. నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేతిలో కర్ర పట్టుకోండి. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. ప్రయాణానికి నెల రోజుల ముందు నుంచి కుర్చీలో కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టేదాకా బిగపట్టే వ్యాయామం రోజూ చేస్తే తొడ కండరం గట్టిపడి మోకాలి మీద బరువు తగ్గుతుంది.

ప్రశ్న: ఘాట్‌ రోడ్డు మీద మా ఎనిమిదేళ్ల పాపకు వాంతులు అవుతాయి. ఏం చేయాలి? (ఓ పాఠకుడు, ఏలూరు)

జవాబు: కడుపు మరీ ఖాళీగానూ, మరీ నిండుగానూ ఉంచొద్దు. వాహనం ముందు భాగంలో, కిటికీ పక్కన కూర్చోబెట్టి దూరంగా చూడమనండి. ఫోను ఇవ్వకండి. మాత్ర బయల్దేరడానికి గంట ముందు వేస్తేనే ఉపయోగం, వాంతి మొదలయ్యాక కాదు. డోసు పాప బరువును బట్టి ఉంటుంది కనుక పిల్లల డాక్టరుతో రాయించుకోండి.

ప్రశ్న: మేం కాలేజీ కుర్రాళ్లం. అందరికీ ఈత వచ్చు. జలపాతాల కింద గుండాల్లో దిగితే ప్రమాదమేంటి? (ఓ విద్యార్థి, రాజమహేంద్రవరం)

జవాబు: ఈత వచ్చన్న ధైర్యమే ప్రమాదం. చెరువులో, కాలవలో నేర్చిన ఈత జలపాతం కింద పనికిరాదు. నురగలో గాలి ఎక్కువ, అది మనిషిని తేల్చదు. పడే నీరు కిందికి తొక్కి, సుడిలో తిప్పి మళ్లీ ధార కిందికే లాక్కొస్తుంది. నాచు పట్టిన బండ మీద కాలు జారితే తల పగులుతుంది. పైనుంచి తలకిందులుగా దూకితే నీటిలో కనపడని రాయి తగిలి మెడ ఎముక విరిగి, కాళ్లూ చేతులూ చచ్చుబడిన వాళ్లున్నారు. ఇక్కడ ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడితే వాగు నిమిషాల్లో పొంగుతుంది. నీరు రంగు మారి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే ఫొటోల కోసం ఆగకుండా గట్టెక్కండి. మందు తాగినవాడు నీళ్ల దగ్గరికే రాకూడదు.

ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు. దూకితే రెండు శవాలు అవుతాయి. తాడు, చీర, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించండి. బయటికి తీశాక తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం చేయకండి. పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోటితో ముందు రెండుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్య 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదండి. సాయం అందేదాకా ఆపొద్దు. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకపోవచ్చు. మారేడుమిల్లి నుంచి రాజమహేంద్రవరం దాదాపు 80 కిలోమీటర్లు. దారిలో రంపచోడవరంలో ప్రభుత్వాసుపత్రి ఉందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: అడవిలో గుడారాల్లో రెండు రాత్రులు గడిపి వచ్చాను. పది రోజులకు చలిజ్వరం పట్టుకుంది. ఊళ్లో తిరుగుతున్న వైరల్‌ జ్వరమేనా? (ఓ పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: అలా అనుకుని పారాసెటమాల్‌తో సరిపెట్టకండి. ఏజెన్సీ అటవీ ప్రాంతానికి వెళ్లొచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి, హైదరాబాదులో ఉన్న డాక్టరుకు అది తట్టకపోవచ్చు. వెంటనే మలేరియా పరీక్ష చేయించాలి. ఒకసారి లేదని వచ్చినా జ్వరం కొనసాగితే మళ్లీ చేయించాలి. మలేరియాలో వైవాక్స్‌ రకం కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా బయటపడుతుంది. అనుమానించాల్సిన రెండో జబ్బు స్క్రబ్‌ టైఫస్‌. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది. నొప్పి, దురద లేకపోవడంతో దాన్ని ఎవరూ గమనించరు. చంకలు, గజ్జలు, నడుము చుట్టూ వెతికించుకోండి. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. సకాలంలో డాక్సీసైక్లిన్‌ మొదలుపెడితే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. మగత, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రిలో చేరండి.

మీతో వచ్చిన స్నేహితులకూ ఫోన్‌ చేసి అడగండి. వాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికి మెడికల్‌ షాపులో మాత్రలు కొనుక్కుని మింగుతూ ఉండవచ్చు.