మీ పిస్టన్ ట్రాక్ మీద పోలేదు!

ట్రాక్ మీద చప్పుడు మాత్రమే వినిపించింది. అసలు పిస్టన్ పోయింది ఆ ముందు వారం, "అబ్బా, ఫిల్టర్ రేపు కడుగుదాంలే" అన్నారు చూడండి... ఆ రాత్రి!

ముందు మైండ్‌సెట్ మార్చుకోండి. డర్ట్ బైక్‌కి కిలోమీటర్లు కాదు, గంటలే లెక్క. హోండా సీఆర్‌ఎఫ్250ఆర్ మాన్యువల్ చూడండి. ఎయిర్ ఫిల్టర్‌ని ప్రతి రేసుకీ, అంటే దాదాపు 2.5 గంటలకోసారి శుభ్రం చేయమంటుంది. రోడ్డు బైక్ సర్వీసింగ్ లెక్కలు ఇక్కడ చెల్లవు. ఈ వారమే ఒక అవర్ మీటర్ బిగించుకోండి.

మీ అసలు శత్రువు దుమ్ము. ఫిల్టర్ దాటిన సన్నటి ఇసుక రింగులకీ బోర్‌కీ మధ్య చేరి ఎమరీ పేపర్‌లా రుద్దేస్తుంది. రింగులు అరుగుతాయి. కంప్రెషన్ పడిపోతుంది. బోర్‌లో వదులైన పిస్టన్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒకరోజు దాని స్కర్ట్ (కింది భాగం) పగులుతుంది.

అందుకే ఈ అలవాటు:

1. రైడ్ నుంచి రాగానే, మీ స్నానానికి ముందే ఫిల్టర్ తీయండి. ఇంటేక్ నోటికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టండి.
2. ఫోమ్‌ని ఫిల్టర్ క్లీనర్‌తోనే కడగండి. పెట్రోల్ వద్దు, అతుకుల జిగురు ఊడుతుంది. మెలితిప్పి పిండకండి, నొక్కండి చాలు.
3. పూర్తిగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ అంతటా పట్టించండి.

ఆరేదాకా ఆగే ఓపిక లేదా? స్పేర్ ఫిల్టర్ ఒకటి కొనేయండి. సాకు అక్కడితో సరి!

తర్వాత వేడి. అల్యూమినియం పిస్టన్ సిలిండర్ కంటే త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది. చల్లటి ఇంజిన్‌కి ఫుల్ థ్రాటిల్ ఇస్తే సీజ్ కావచ్చు. రేడియేటర్ గోరువెచ్చగా తగిలేదాకా ఆగండి. దాని రెక్కల్లో బురద ఉండనివ్వకండి. టూ స్ట్రోకా? మాన్యువల్‌లో 40:1 అని ఉంటే లీటర్ పెట్రోల్‌కి 25 మిల్లీలీటర్ల ఆయిల్. కొలిచే పోయండి. కంటి అంచనా వద్దు, అనుభవం ఎంత ఉన్నా సరే.

స్టార్టింగ్ మొండికేస్తోందా? ఫోర్ స్ట్రోక్ నీలం పొగ వదులుతోందా? టకటక వినిపిస్తోందా? "ఇంకొక్క రైడ్" అనకండి. వెంటనే కంప్రెషన్ చెక్ చేయించండి.

మాన్యువల్ చెప్పిన గంటలు నిండాక పిస్టన్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. అది విరిగితే సిలిండర్‌నీ, క్రాంక్‌నీ కూడా పాడుచేస్తుంది. ఆ బిల్లు ముందు పిస్టన్ కిట్ ఖర్చు చిన్నదే. మార్చేటప్పుడు పిస్టన్ పిన్ సర్‌క్లిప్‌లు కొత్తవే వేయించండి. పాతది ఊడితే బోర్‌ని గీరేస్తుంది.