పెద్దకర్మ అయ్యాక మొదలయ్యే పని

నర్సీపట్నంలో పెద్ద జబ్బు వచ్చిన ఇంటికి వైజాగ్ దారి కంఠతా వచ్చేస్తుంది. ఏరియా ఆసుపత్రి, అక్కణ్ణుంచి వైజాగ్‌లోని పెద్దాసుపత్రి కేజీహెచ్, చంకలో రిపోర్టుల ఫైలు. నెలల తరబడి ఇంటిల్లిపాదికీ అదే పని. మనిషి పోయాక పెద్దకర్మ దాకా చుట్టాలుంటారు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ, చేతులూ ఖాళీ. అసలు దుఃఖం అప్పుడు తెలుస్తుంది.

నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అని అయిదు దశలు చెబుతుంటారు. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో వాటిని రాసింది చావుకు దగ్గరైన రోగులను చూసి. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల తీరును 1999లో పరిశోధకులు మార్గరెట్ స్ట్రోబే, హెంక్ షుట్ ఇంకోలా వివరించారు: కాసేపు బాధలో ఉంటాం, కాసేపు బతుకు చక్కబెట్టుకుంటాం, మళ్లీ బాధలోకి వస్తాం. పొద్దున బ్యాంకులో నామినీ కాగితాలు నింపి, సాయంత్రం పోయినవారి చొక్కా చూసి ఏడిస్తే మీరు వెనకబడ్డట్టు కాదు. రెంటికీ చోటివ్వడమే అంగీకారం. అందుకు కొన్ని దారులు.

1. ఆ రోజు లెక్కతోనే తూచండి. "ఇంకో వారం ముందే వైజాగ్ తీసుకెళ్లుంటే?" ఈ ప్రశ్న రాని ఇల్లుండదు. ఆ రోజు మీకు తెలిసిందేమిటి, చేతిలో డబ్బెంత, డాక్టరు ఏమన్నారు? మూడూ కాగితం మీద రాయండి. తర్వాత తెలిసిన సంగతులతో అప్పటి మిమ్మల్ని దోషిగా నిలబెట్టకండి.

2. రోజుకొక్క పని. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ముందు అది. తర్వాత బ్యాంకు, పింఛను, రేషన్ కార్డు. అన్నీ ఒకేసారి నెత్తినేసుకోకండి, ఒంటరిగానూ తిరగకండి.

3. పిల్లల దినచర్య కాపాడండి. అది చెదిరితే ఏమవుతుందో మన దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. నర్సీపట్నం దాటి మన్యం వైపు వెళితే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. ఆయన తండ్రి వెంకటరామరాజు 1908లో కలరాతో పోయారు. అప్పటికి ఆ పిల్లాడికి పదకొండేళ్లు. ఆపైన ఊళ్లు మారాయి, బళ్లు మారాయి, చదువు నిలకడగా సాగలేదు. పిల్లలు తండ్రినే కాక ఇల్లు, బడి, స్నేహితులను కూడా పోగొట్టుకోవచ్చు. వీలైనంతవరకు అదే బడి, అవే ఆటలు ఉండనివ్వండి. "నాన్న ఊరెళ్లాడు" అని మభ్యపెట్టకండి.

4. పరామర్శ రెండోసారి చేయండి. "ఊరుకో, నువ్వే ధైర్యంగా ఉండాలి" అన్న మాట ఏడుపును ఆపుతుందేమో గానీ బాధను ఆపదు. నెల పోయాక క్యారేజీతో మళ్లీ వెళ్లండి. పోయినవారి పేరెత్తడానికి జంకకండి. వారితో మీకున్న ఒక నవ్వుల ముచ్చట చెప్పండి.

5. సాయం అడగండి. ఆరు నెలలు దాటినా తలపోత తగ్గక, రోజువారీ పనులు చేసుకోలేకపోతుంటే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజూ ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఇరవై నాలుగు గంటలూ ఉచితం. గుండెనొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అడగం కదా, దీనికీ అడగనక్కర్లేదు.