పాత ఇంటిలో వైర్‌లెస్ కార్డు: ఎంపిక, అమరిక, భద్రత

జార్జి టౌన్‌లోని పాత ఇల్లు వెడల్పు తక్కువది, పొడవు ఎక్కువది. వీధివైపు దుకాణం, దాని వెనుక సరుకుల గది, పైన కాపురం, చిట్టచివర వంటిల్లు. ఇంటర్నెట్ తీగ వచ్చి ఆగేది సాధారణంగా వీధివైపు గదిలోనే. కంప్యూటరు మాత్రం వెనుక గదిలోనో, మేడమీదనో ఉంటుంది. పిల్లల పాఠాలకైనా, దుకాణపు లెక్కలకైనా, జీఎస్‌టీ పత్రాల దాఖలుకైనా ఆ నడిమి దూరాన్ని దాటవలసినదే. తీగ లేకుండా దానిని దాటించే చిన్న పరికరమే వైర్‌లెస్ నెట్‌వర్క్ కార్డు.

దూరాన ఉన్నవారితో మాట్లాడే సాధనాలు ఈ పేటకు కొత్త కావు. 1882 ప్రాంతంలో మద్రాసు నగరపు తొలి టెలిఫోను ఎక్స్‌ఛేంజి ఇక్కడి ఎర్రబాలుచెట్టి వీధిలోనే వెలసినది. అయితే టెలిఫోను తీగకు గోడలో చిన్న రంధ్రం చాలును. రేడియో తరంగం గోడను గోడగానే దాటవలెను. కార్డును బిగించుట పదిహేను నిమిషాల పని. అది పనిచేయునా లేదా అన్నది గోడలు, స్థానాలు నిర్ణయిస్తవి. అందుచేత ఈ పాఠంలో ముందు గోడ, తరువాత కార్డు, ఆపైన బిగింపు, చివరకు భద్రత అనే క్రమాన్ని అనుసరిస్తున్నాము.

గోడలను పరీక్షించుట

పాత కట్టడాలలో ఇటుకను సున్నపు గచ్చుతో కలిపి మందమైన గోడలు కట్టినారు. పైకప్పు మద్రాసు టెర్రస్ అని పేరుపొందిన పద్ధతి: టేకు దూలాలపైన పలుచని ఇటుకలను నిలువుగా పేర్చి, సున్నంతో బిగించి, ఆపైన ఇటుక ముక్కల కాంక్రీటు, పెంకులు పరచినది. ఎండ వేడిమిని ఆపుటకు ఇంతకంటె మంచి కప్పు లేదు. కాని వేడిని ఆపే ఆ మందమే తరంగాన్ని కూడా బలహీనపరుస్తుంది. ఈశాన్య రుతుపవనం వచ్చే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గోడలు తడిసినప్పుడు ఈ నష్టం మరింత పెరుగుతుంది. నీరు తరంగశక్తిని పీల్చుకొనును. లోహం తరంగాన్ని పీల్చదు, వెనుకకు తిప్పికొట్టును. కావున ఇనుప షట్టరు, బీరువా, నిలువుటద్దం వెనుక పూత, పాత్రల దుకాణంలో పేర్చిన స్టీలు సామాను అడ్డుగోడలతో సమానం. అండర్సన్ వీధిలోని కాగితపు కట్టలవంటి దట్టమైన సరుకు కూడా తరంగాన్ని తగ్గిస్తుంది.

వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్యాలలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, ఇది గోడలను కొంత మెరుగుగా దాటుతుంది, కాని వేగం తక్కువ, ఇరుగుపొరుగుల రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు అందులో సగంకంటె తక్కువ; వేగం ఎక్కువ, కాని మందపు గోడకు త్వరగా లొంగిపోతుంది.

కార్డు కొనక ముందే కంప్యూటరు ఉండే బల్ల దగ్గర మొబైల్ ఫోనుతో పరీక్షించవలెను. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై బలాన్ని కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నవి. అవి ఋణ సంఖ్యలలో బలాన్ని చూపుతవి. మైనస్ 50 దగ్గర ఉంటే మిక్కిలి బలమైనది. మైనస్ 67 వరకు దృశ్య పాఠాలు నిలకడగా సాగును. మైనస్ 75 దాటినచో సంబంధం తెగుతూ కలుస్తూ ఉండును. సంఖ్య మూడు తగ్గిన ప్రతిసారీ అందే శక్తి సగమగును. తలుపు మూసి ఒకసారి, తెరచి ఒకసారి, రెండు పౌనఃపున్యాలకూ విడివిడిగా కొలిచి కాగితంపై వ్రాసికొనవలెను. ఫోనుకు ఏ మాత్రమూ అందని చోట ఖరీదైన కార్డు కూడా అద్భుతం చేయదు. అక్కడ మార్చవలసినది రూటరు స్థానం.

కార్డు ఎంపిక

డెస్క్‌టాప్ కంప్యూటరుకు రెండు మార్గాలు. మొదటిది యూఎస్‌బీ అడాప్టరు. దీనికి కంప్యూటరును విప్పనవసరం లేదు. రెండవది మదర్‌బోర్డుపై బిగించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. దీనికి పెద్ద యాంటెన్నాలు ఉండుటచేత సాధారణంగా నిలకడ ఎక్కువ. కొనుటకు ముందు ఒకసారి కేబినెట్ తెరచి స్లాటును చూడవలెను. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో అతి చిన్న స్లాటు సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానికి చేసిన కార్డు అదే జాతికి చెందిన పొడవైన స్లాటులో కూడా పనిచేయును. అయితే చాలా పాత కంప్యూటర్లలో ఉండే తెల్లని పీసీఐ స్లాటు వేరు జాతి. అందులో ఈ కార్డు పట్టదు, బలవంతంగా నొక్కరాదు. సన్నని కేబినెట్ అయినచో పొట్టి లోహపు పట్టీ కూడా పెట్టెలో ఉన్నదో లేదో అడిగి తెలిసికొనవలెను.

మన ఇళ్లకు ముఖ్యమైన సంగతి మరొకటి. కార్డు యాంటెన్నాలు కేబినెట్ వెనుక ఉంటవి. కేబినెట్ లోహపు పెట్టె; దాని వెనుక మందపు గోడ. ఈ రెంటి నడుమ ఇరుక్కున్న యాంటెన్నాకు తరంగం అరకొరగా అందును. తీగతో కూడి, బల్లపై నిలుపుకొనదగిన యాంటెన్నా ఉన్న కార్డును ఎంచుకొనుట మేలు. యూఎస్‌బీ అడాప్టరు అయినచో ఒక పొడిగింపు తీగ తప్పక వాడవలెను. యూఎస్‌బీ 3 ద్వారాల నుండి వెలువడే విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని చెడగొట్టును. అడాప్టరును దూరం జరిపినచో ఆ బాధ తగ్గును.

డ్రైవరును ముందే సమకూర్చుకొనుట

కొత్త కార్డును కంప్యూటరు గుర్తించుటకు డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ కావలెను. డ్రైవర్ కావలెనంటే ఇంటర్నెట్ కావలెను. ఇంటర్నెట్ కావలెనంటే కార్డు పనిచేయవలెను. ఈ చిక్కులో పడకుండుటకు తయారీదారు వెబ్‌సైటు నుండి సరియైన డ్రైవరును ముందుగానే వేరొక కంప్యూటరులో దింపి పెన్‌డ్రైవులో ఉంచుకొనవలెను. ఒకే పేరుగల కార్డు వేర్వేరు కూర్పులలో వేర్వేరు చిప్పులతో వచ్చుట కలదు. పెట్టెపై ఉన్న కూర్పు సంఖ్యను సరిచూచుకొనుట అవసరం. లినక్స్ వాడేవారు ఆ చిప్పుకు కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉన్నదో లేదో కొనుటకు ముందే తెలిసికొనవలెను.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. కంప్యూటరు బాగున్నది కదా అని కార్డు ఒక్కటే మార్చి నెట్‌వర్కులోకి తెచ్చుట చాలదు. రక్షణ సవరణలు అందే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దానిపై ఉండవలెను.

బిగించే పద్ధతి

1. కంప్యూటరును పూర్తిగా ఆపి, ప్లగ్గును గోడ నుండి తీయవలెను. ఆ తరువాత పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టినచో మిగిలిన విద్యుత్తు ఖాళీ అగును.

2. పక్క తలుపు తీసి, కేబినెట్ లోహభాగాన్ని చేతితో తాకవలెను. ఒంటిలోని స్థిర విద్యుత్తు దానిలోకి పోవును. నైలాను తివాచీపై కూర్చుని ఈ పని చేయరాదు.

3. లోపలి ధూళిని పొడి మెత్తని బ్రష్షుతో తుడవవలెను. తడి గుడ్డ వాడరాదు. సముద్రపు గాలి తగిలే పేట గనుక స్లాటు దగ్గర తుప్పు, పచ్చదనం ఉన్నవేమో చూడవలెను.

4. ఎంచుకొన్న స్లాటుకు ఎదురుగా ఉన్న లోహపు పట్టీ స్క్రూ విప్పి, పట్టీని తీయవలెను. కార్డును అంచులవద్ద పట్టుకొని, బంగారు రంగు పళ్లను తాకక, రెండు చివరలను సమానంగా నొక్కుతూ నిటారుగా దించవలెను. తరువాత స్క్రూ బిగించవలెను. జారిపడిన స్క్రూ దొరకే వరకు విద్యుత్తు ఇవ్వరాదు.

5. కార్డులో బ్లూటూత్ కూడా ఉన్నచో దానితో వచ్చిన సన్నని తీగను మదర్‌బోర్డుపై ఉన్న యూఎస్‌బీ పిన్నులకు కలపవలెను. ఈ తీగ కలపనందువల్లనే వైఫై నడచి బ్లూటూత్ నడవని సందర్భాలు ఎక్కువ.

6. యాంటెన్నాలను వేళ్లతోనే తిప్పి బిగించవలెను. పటకారు వాడినచో మర చెడును. తలుపు మూసి, విద్యుత్తు ఇచ్చి, పెన్‌డ్రైవులోని డ్రైవరును స్థాపించి, కంప్యూటరును ఒకసారి పునఃప్రారంభించవలెను.

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల వరుసలో కార్డు పేరు కనిపించినచో బిగింపు సరియైనదే. పసుపు గుర్తు కనిపించినచో డ్రైవర్ దోషం. అసలు ఏమియు కనిపించనిచో ప్లగ్గు తీసి కార్డును మరల స్లాటులో కూర్చవలెను.

రూటరుకు తగిన స్థానం

పాత ఇళ్లలో తరంగానికి మంచి స్నేహితుడు మండువా. నాలుగు గదులు ఆకాశానికి తెరచి ఉన్న నడిమి జాగాను చుట్టుకొని ఉన్నచో, రూటరును ఆ జాగా అంచున, తలకంటె ఎత్తున నిలిపితే, తరంగం గోడలను చీల్చే పని లేకుండ వాకిళ్ల గుండా ప్రవేశించును. వాన తగలని చూరు క్రింద మాత్రమే దానిని ఉంచవలెను. వీధి గది నుండి అక్కడికి తీగ లాగుకొనుట ఒక్కసారి ఖర్చే. సాధారణ నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును, అంత పొడవైన ఇల్లు ఈ పేటలో అరుదు.

రద్దీగల వీధులలో చానల్ ఎంపిక కూడ ముఖ్యం. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిపై ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. పొరుగువారు 6లో ఉన్నారని మనము 7కో, 8కో జరుగుట తప్పు. ఒకే చానల్‌లో ఉన్న పరికరాలు ఒకరి మాట విని తమ వంతు కొరకు ఆగును. సగం కలిసిన చానళ్లలో ఒకరి మాట మరొకరికి కేవలం రొదగా వినిపించును. కావున మూడింటిలో రద్దీ తక్కువగలదానిని ఎంచుకొని, చానల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్ వద్దనే ఉంచవలెను.

భద్రత

గోడ కలిసిన ఇళ్లలో మన తరంగం పొరుగింటికి, వీధిలోకి కూడా పోవును. రూటరులో డబ్ల్యూపీఏ3 పద్ధతిని, అది లేనిచో డబ్ల్యూపీఏ2ను ఎంచుకొనవలెను. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి ఎన్నడో ఛేదింపబడినది. దానిని వాడుట తలుపు తెరచి ఉంచుటతో సమానం. బటన్ నొక్కితే కలిపే డబ్ల్యూపీఎస్ సౌకర్యాన్ని ఆపివేయవలెను. రూటరుతో వచ్చిన పాలనా పాస్‌వర్డును మొదటి రోజుననే మార్చవలెను. నెట్‌వర్కు పాస్‌వర్డుకు దుకాణం పేరు, ఫోను నంబరు పనికిరావు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడవైనదానిని కూర్చుకొనవలెను.

కొట్టుకు వచ్చేవారికి ఇంటర్నెట్ ఇవ్వవలసినచో అతిథి నెట్‌వర్కును వేరుగా తెరువవలెను. లెక్కల కంప్యూటరు, బ్యాంకు లావాదేవీలు నడిచే ఫోను దానిలో ఉండరాదు. ఎవరో మన కనెక్షన్ ద్వారా తప్పు పని చేసినచో విచారణ మొదట వచ్చేది ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉన్నదో వారి దగ్గరకే. డబ్బు మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే జాతీయ సైబర్ సహాయ సంఖ్య 1930కి తెలుపవలెను. ఎంత త్వరపడితే సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

లోపం ఎక్కడిదో తెలిసికొనుట

ఇంటర్నెట్ మందగించినప్పుడు దోషం కార్డుదా, బయటి కనెక్షన్‌దా అన్నది ముందు తేల్చవలెను. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అనే ఆదేశంతో రూటరు చిరునామాను పలుకరించవలెను. అది సాధారణంగా 192.168.1.1 లేక 192.168.0.1. జవాబులు కొన్ని మిల్లీసెకండ్లలో నిలకడగా వచ్చినచో ఇంటిలోపలి దారి బాగున్నది, దోషం బయటిది. కనెక్షన్ ఇచ్చినవారికి ఫిర్యాదు చేయవచ్చును. జవాబులు తప్పిపోతూ, ఒక్కొక్కసారి వందల మిల్లీసెకండ్లు పట్టినచో దోషం ఇంటిలోనిదే. యాంటెన్నాను జరిపి మరల కొలువవలెను. ముందు వ్రాసికొన్న కాగితం ఇప్పుడు అక్కరకు వచ్చును.

పౌరులుగా గుర్తుంచుకొనవలసినవి

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 2005 నియమాలు లైసెన్సు అవసరాన్ని తొలగించినవి. 2018 నియమాలు 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ విస్తృతిని అదే విధంగా తెరచినవి. ఈ స్వేచ్ఛ పరిమిత శక్తిగల పరికరాలకే వర్తించును. కావున గుర్తింపు లేని అధికశక్తి పరికరాలను కొనరాదు. అనుమతి లేని మొబైల్ సిగ్నల్ బూస్టరు వైఫై పరికరం కాదు. అది పదిమంది ఫోనులకు ఆటంకం కలిగించును.

తీసివేసిన పాత కార్డును, చెడిన అడాప్టరును రోజువారీ చెత్తలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం అవి నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేరవలెను.

కొత్త కంప్యూటరు కొనలేని ఇంటిలో పాత కంప్యూటరుకు ఒక కార్డు అమర్చినచో వెనుక గదిలోని విద్యార్థి పాఠం ఆగదు, మేడమీది గుమాస్తా లెక్క నిలువదు. ఆ కార్డు కొరకు డబ్బు తీయుటకు ముందు ఫోను చేతపట్టి గది గదికీ తిరిగి కొలుచుటకు పట్టేది అరగంట. పాత ఇంటిలో ఆ అరగంటే కార్డు వెలను కాపాడును.