పదకొండింటికే సర్వర్ ఎందుకు ఆగుతోంది?

బిడ్డా,

సీపీయూ ఇరవై శాతం దాటడం లేదు, అయినా పొద్దున పదకొండింటికి మీ ఆసుపత్రిలో ఓపీ చీటీలు ఆగిపోతున్నాయి, కొత్త సర్వర్ కొనమని డాక్టరు గారికి చెప్పనా అని అడిగావు. ఇప్పుడే చెప్పకు. సీపీయూ ఖాళీగా ఉండి పని ఆగిందంటే మిషన్‌కు బలం చాలక కాదు, అది దేనికోసమో కాచుకొని ఉంది. దేనికోసమో ముందు తేల్చు.

నువ్వు పంపిన ఫొటోలో లోడ్ యావరేజ్ 9 ఉంది. నాలుగు కోర్ల మిషన్‌కు అది ఎక్కువే. లినక్స్‌లో ఆ అంకెలోకి సీపీయూ కోసం వరుసలో ఉన్న పనులే కాదు, డిస్కు జవాబు కోసం ఆగిన పనులూ వస్తాయి. అందుకే సీపీయూ ఖాళీగా ఉంటూనే లోడ్ తొమ్మిదికి ఎక్కగలదు. రేపు పదకొండుకు పది నిమిషాల ముందే ఐఓస్టాట్ నడిపి పెట్టి, డిస్కు ఒక్కో పనికి ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో చూడు. పక్కనే మైఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ కొట్టు. లాక్ కోసం వెయిటింగ్ అనే వరుసలు బారుగా కనబడితే, ఎవరో టేబుళ్లకు తాళం వేసి పెట్టారన్నమాట.

ఆ ఎవరో మీ బ్యాకప్పే అని నా అనుమానం. పొద్దున ఐదున్నరకు, ఆసుపత్రి తెరవకముందే బ్యాకప్ నడిచేలా పెట్టి వెళ్లారని నువ్వే రాశావు. సర్వర్ గడియారం ఏ టైములో ఉందో చూశావా? టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టు. అది యూటీసీలో ఉంటే, అక్కడి ఐదున్నర మనకు సరిగ్గా పదకొండు. లింగాల నుంచి, అమ్రాబాద్ నుంచి తొలి బస్సుల్లో వచ్చినవాళ్లంతా కిటికీ ముందు ఉన్న వేళకే అది టేబుళ్లన్నీ పట్టుకొని కాపీ తీస్తోంది. గడియారాన్ని మన టైముకు మార్చు, మార్చాక క్రాన్‌ను ఒకసారి రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే అది పాత టైమే పట్టుకొని ఉంటుంది. టేబుళ్లు ఇన్నోడీబీవైతే డంప్ కమాండుకు సింగిల్ ట్రాన్సాక్షన్ జోడించు. అప్పుడు తాళం వేయకుండానే కాపీ వస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా మొరాయిస్తే కొత్త సర్వర్ సంగతి మాట్లాడుకుందాం.

ఇంకోటి. నువ్వు సగటు చూసి 'మూడు సెకన్లే కదా' అని సరిపెట్టుకున్నావు. వంద చీటీల్లో తొంభై ఐదు ఒక్క సెకనులో వచ్చి, ఐదింటికి నలభయ్యేసి సెకన్లు పట్టినా సగటు మూడు సెకన్ల లోపే ఉంటుంది. ఆ ఐదుగురి కష్టం సగటులో కనబడదు. తొంభై ఐదో శాతం దగ్గర, తొంభై తొమ్మిదో శాతం దగ్గర ఎంత పడుతోందో రాసుకో. కిటికీ ముందు ఆగడమంటే ఏమిటో, మన తెలకపల్లిలో పుట్టినదానివి, నీకు వేరే చెప్పాలా? 2020 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే కంప్యూటరు మీద జరుగుతోంది. అప్పుడు ధరణి పోర్టల్, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. రైతు ఒక రోజు పని ఆ తెర మీద ఆధారపడి ఉంటుంది. 'సర్వర్ బిజీ' అన్న మాట విని తిరిగి వెళ్లేవాడికి పోయేది నలభై సెకన్లు కాదు, ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీ. నీ గ్రాఫులు సర్వర్ సుఖాన్ని కాదు, కిటికీ ముందు నిలబడ్డ మనిషి ఎంతసేపు ఆగాడో కొలవాలి. చీటీ బటన్ నొక్కిన దగ్గర నుంచి ప్రింటు వచ్చేదాకా పట్టే టైమును ముందు పెట్టు. సీపీయూ, మెమరీ, డిస్కు ఆ తర్వాత.

ఇక 'బ్యాకప్ రోజూ అవుతోంది, పచ్చ టిక్ పడుతోంది, దాని గురించి బెంగ లేదు' అని రాశావు చూడు, అది చదివి నాకు కోపం వచ్చింది. పచ్చ టిక్కుకు అర్థం కమాండు నడిచిందనే. ఆ ఫైలులో ఏముందో ఎవరు చూశారు?

గిట్‌ల్యాబ్ కథ నీకు చెప్పానో లేదో. ప్రపంచమంతా ప్రోగ్రాములు దాచుకునే పెద్ద సంస్థ అది. 2017 జనవరి 31 రాత్రి డేటాబేస్ రెండో కాపీ వెనకబడిపోతే, సరిచేస్తున్న ఇంజినీరు అక్కడి ఫోల్డర్ తుడిచేద్దామనుకొని అసలు సర్వర్‌లో తుడిచేశాడు. క్షణాల్లో తెలుసుకొని ఆపేటప్పటికే సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది. సరే, బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికారు. ఒకటి రెండు కాదు, ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయని నమ్మకం. రోజువారీ డంప్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్ కావడంతో అది రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైనట్టు మెయిలు పోవాలి కదా అంటావు. పోయింది, కానీ అవతలి మెయిల్ సర్వర్ దాన్ని తిప్పికొట్టింది. ఎవరికీ అందలేదు.

చివరికి వాళ్లను ఆదుకున్నది ఆ ఇంజినీరే, పరీక్షల సర్వర్ కోసమని, ఆ ప్రమాదానికి ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. దాన్ని తిరిగి ఎక్కించడానికి దాదాపు పద్దెనిమిది గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో రాసిన డేటా మాత్రం పోయింది. నాకు ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది. ఏం జరిగిందో ఒక్క ముక్క దాచకుండా రాసి లోకానికి పెట్టారు, ఇంజినీరును బలిపెట్టలేదు. మీ దగ్గర కూడా ఏదన్నా తప్పు జరిగితే ముందు చెప్పు బిడ్డా, దాచకు.

అందుకే నాకు బ్యాకప్ అంటే తిరిగి ఎక్కించి చూసిన బ్యాకప్ మాత్రమే. వేరే మిషన్ మీద ఎక్కించి, నిన్నటి చివరి ఓపీ నంబరు అందులో ఉందా, ఫలానా రోగి పరీక్షల రిపోర్టు తెరుచుకుంటోందా అని కళ్లతో చూసినప్పుడే నేను ఒప్పుకుంటాను.

కాపీ పెట్టిన డిస్కు సర్వర్ గదిలోనే, యూపీఎస్ పైన ఉందట. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరపు ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ 858 టెరాబైట్లూ కాలిపోయింది. అంత పెద్దదానికి బయట కాపీ పెట్టలేదు. మీది ఎంతో లేదు, నలభై జీబీ. ఈ వారమే ఆ డిస్కును ఆ గది నుంచి తీయించు. ఒక కాపీ ఊరు దాటి ఉండాలి. ఒక కాపీ ఎప్పుడూ వైరుకు తగలకుండా ఉండాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకు రాన్సమ్‌వేర్ తగిలి దాదాపు రెండు వారాలు అంత పెద్ద ఆసుపత్రి కాగితాల మీద నడిచింది. దాడి అందుకోని ఒక బ్యాకప్ సర్వర్ నుంచే ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది. ఎప్పుడూ తగిలించి ఉండే డిస్కు అలాంటి రోజున సర్వర్‌తో పాటే పోతుంది.

సర్వర్ పోతే ఏం చేయాలో ప్లాన్ రాయమంటే పది పేజీలు రాయకు. డాక్టరు గారిని కూర్చోబెట్టి రెండే అడుగు: ఎన్ని గంటల డేటా పోతే ఓర్చుకోగలరు? ఎంతసేపు చీటీలు చేత్తో రాసి నెట్టుకురాగలరు? 'రెండు గంటలకు మించి ఆగలేం' అన్నారనుకో, లెక్క వెయ్యి. 20 ఎంబీపీఎస్ లైను మీద నలభై జీబీ దించుకోవడానికే నాలుగున్నర గంటలు పడుతుంది, ఎక్కించడం ఆ తర్వాత. అంటే ఊరి బయటి కాపీ ఒక్కటే చాలదు, ఆసుపత్రిలోనే వేరే గదిలో ఇంకొకటి కావాలి. అవి రోగుల జబ్బుల వివరాలు, ప్రతి కాపీకీ ఎన్‌క్రిప్షన్ పెట్టు, తాళపు మాట మాత్రం ఆ సర్వర్‌లోనే దాచకు.

ఆదివారం ఓపీ ఉండదు కదా. ఆ మూలన పడున్న పాత కంప్యూటరు మీద నిన్నటి బ్యాకప్ ఎక్కించు. మొదలుపెట్టిన టైము, ముగిసిన టైము, ఎక్కడ ఆగిందో అన్నీ కాగితం మీద రాసి, ఫొటో తీసి నాకు పంపు. పదకొండింటి సంగతి మాత్రం రేపే చూడు.

మీ పెద్దనాయన